మొదలు చూసినవాళ్ళు

మూర్ఛ మొదలవడం ఎవరు చూశారో వాళ్ళొక్కళ్ళే లోపలికి రండి అన్నాడు డాక్టరు. ఆయన మాట ఇంకా నోట్లోనే ఉంది, కొండమ్మక్క లేచింది. పైట బొడ్లో దోపుకుంది, నా వంకైనా చూడలేదు, ఆకుపచ్చ తెర పక్కకి నెట్టి లోపలికి వెళ్ళింది, తలుపు పడింది. నేను బల్ల మీద మిగిలిపోయాను. భార్యను నేను. ఇమ్మానియేలు భార్యను, చర్చిలో అందరి ముందూ ప్రమాణం చేసి కట్టించుకున్న తాళి నా మెడలో ఉంది. కొండమ్మక్క ఆయనకి వదిన, చనిపోయిన అన్న పెళ్ళాం, నాకు తోడికోడలు, అంతే. అంతే అని ఎన్నిసార్లు అనుకున్నా అంతే కాదని నా కడుపులో మంటకి తెలుసు. ఆయనేమో పక్క గదిలో మంచం మీద ఉన్నాడు, తల నిండా జిగురు పూసి తీగలు అంటించారు, గోడ అవతల నుంచి మిషను బరబరా గీకుతున్న చప్పుడు వస్తోంది. కాగితం మీద ముళ్ళు గీతలు గీస్తాయట, మెదడులో ఏ మూల ఏం జరుగుతోందో ఆ గీతలు చెబుతాయట. ఇటు పక్క గదిలో ఆవిడ చెబుతోంది. అటు ముళ్ళు, ఇటు ఆవిడ. మధ్యలో నేనూ, నా ఒళ్ళో తాళాలగుత్తీ.

ఈ గుత్తిని సత్తెనపల్లి నుంచి గుంటూరు దాకా బస్సులో ఒళ్ళోనే పెట్టుకొచ్చాను. ఇంట్లో అయితే దీని చోటు వంటింటి దూలానికి కొట్టిన మేకు. వీధి తలుపు తాళంచెవి, ట్రంకుపెట్టె తాళంచెవి, ఎప్పుడో పోయిన సైకిలు తాళంచెవి, దేనిదో ఎవరికీ తెలియని పొడుగాటి ఇనప తాళంచెవి, అన్నీ ఒక తీగకి గుచ్చి ఉంటాయి. ఆయనకి మూర్ఛ వచ్చినప్పుడు ఇది చేతిలో పెట్టాలి. ఎవరు పడితే వాళ్ళు పెట్టకూడదు, కట్టుకున్నదే తేవాలి, మేకు మీది నుంచే తేవాలి, దారిలో నేలకి తగలకూడదు, అప్పుడే పట్టు వదులుతుంది. మా మామగారికీ ఈ జబ్బే ఉండేదట, మా అత్తగారు ఇలాగే చేసేదట, ఆవిడ చెబితే కొండమ్మక్క నేర్చుకుంది, కొండమ్మక్క చెబితే నేను నేర్చుకున్నాను. జక్రయ్య పాస్టరుగారు ఒక ఆదివారం ఇనుములో ఏ శక్తీ లేదు, విశ్వాసులు ఇలాంటివి మానుకోవాలి అని గట్టిగా చెప్పారు. కొండమ్మక్క అందరికంటే ముందు ఆమెన్ అంది. ఆ వారంలోనే ఆయన పడితే అందరికంటే ముందు తాళాలు తేవే అని కేక పెట్టింది. నేను పరిగెత్తాను. నా కాపురమంతా ఆ పరుగే. వసారా దాటి, మధ్య గది దాటి, వెనక వంటింట్లో పీట ఎక్కి గుత్తి అందుకుని తిరిగి వసారాలోకి వచ్చేసరికి అంతా అయిపోవస్తుంది. ఆయన తల ఆవిడ ఒళ్ళో ఉంటుంది. నోటి పక్క నురుగు ఆవిడ పైటతో తుడుస్తుంటుంది. నేను వంగి, వేళ్ళు విడదీసి, గుత్తి పెట్టి, పని అయిపోయిన కూలిమనిషిలా పక్కన నిలబడతాను. కళ్ళు తెరిచిన మనిషికి ముందు కనిపించేది ఎవరి మొహం? ఆవిడది. మొదటి మాట ఏమిటి? వదినా, పడ్డానా?

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎలా ఉంటుందో ఎవరికి చెప్పను. జబ్బు మనిషి మీద కుళ్ళేమిటి, పెంచిన చేతుల మీద కుళ్ళేమిటి అంటారు. అనండి. నాకు కుళ్ళే. అసూయ అనే పెద్ద మాట కూడా అక్కర్లేదు.

ఈ బల్ల మీద నా పక్కన కూర్చున్నాయన మిరపకాయల యార్డులో బస్తాలు మోసే మనిషి కాబోలు, కదిలినప్పుడల్లా చొక్కాలోంచి ఘాటు లేస్తోంది, ఎదురుగా కూర్చున్న ముసలమ్మ తుమ్మింది, నేనూ తుమ్మాను. ఈ ఘాటే మా వసారాలో. ఆయనది మోటార్లకి వైండింగు చేసే పని. రైతులు కాలిపోయిన పంపుసెట్ల మోటార్లు తెచ్చి వసారాలో దించిపోతారు, ఆయన మాడిన చుట్టలు పీకి కొత్త రాగితీగ చుడుతూ కూర్చుంటాడు. ఎదురుగా గోనెపట్టా పరుచుకుని కొండమ్మక్క కళ్ళంలోంచి తెచ్చిన మిరపకాయల తొడిమలు తీస్తుంటుంది. పొద్దస్తమానం ఇద్దరూ ఎదురెదురుగా. మాటలు కూడా పెద్దగా ఉండవు. ఆయన చెయ్యి చాస్తే అది కత్తెరకో పట్టకారుకో ఆవిడకి తెలుసు, అడక్కుండానే అందిస్తుంది. నేను పత్తి తీతకి పోతాను. చేలో వంగి తీస్తూ ఉంటాను, కాయ పగిలిన చోట అంచులు గోళ్ళ పక్కన గీసుకుంటాయి, ఒడి నిండుతుంది, నా మనసు మాత్రం వసారాలో ఉంటుంది, ఇప్పుడు ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో అని. సాయంత్రం నెత్తినిండా పత్తి నూగుతో వస్తే ఆయన నవ్వి, ఇదిగో, ముసలిదానివైపోయావు అంటాడు. ఇదిగో. నా పేరు అది. ఇంట్లో పెద్దావిడ ముందు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం ఆయనకి సిగ్గు. ఇదిగో, ఏమోయ్, వినపడిందా. వదినని మాత్రం రోజుకి నూరుసార్లు వదినా అంటాడు. రెబ్కా అనే పేరు నాకుందని ఆయనకి గుర్తుందో లేదో.

పొద్దున డాక్టరు ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఒక మెదడు బొమ్మ చూపించాడు. సున్నంతో చేసిందేమో, మధ్యకి రెండు చెక్కలుగా విడిపోతుంది. పైన ఈ బూడిద రంగు పొర ఉందే, ఆలోచనలూ మాటలూ అన్నీ ఇక్కడ పుడతాయి అన్నాడు. లోపలంతా తెలుపు. ఇవి పోగులు, కోట్ల పోగులు, ఒక చోటి కబురు ఇంకో చోటికి మోసుకుపోయేవి ఇవే, ఈ రెండు సగాలకీ మధ్య ఇదిగో ఈ మందపాటి కట్ట, వంతెన అనుకోండి. మూర్ఛ మెదడంతా ఒక్కసారి రానక్కర్లేదు, మీ ఆయనకి ఒక చిన్న మూల మొదలవుతోందని నా అనుమానం. అక్కణ్ణించి ఈ తెల్ల పోగుల దారి పట్టుకుని పాకుతుంది, వంతెన దాటి అవతలి సగానికి పోతుంది. దాటేదాకా మనిషికి కొంచెం తెలివి ఉంటుంది, దాటాక పడిపోతాడు. తరవాత ఏదీ గుర్తుండదు, మొదలు కూడా గుర్తుండదు. అందుకే నాకు మొదలు కావాలి. ఏ చెయ్యి ముందు కదిలింది, కళ్ళు ఎటు తిరిగాయి, నోటితో ఏమన్నా అన్నాడా. చివర అందరికీ ఒకేలా ఉంటుందమ్మా, చివర చెబితే నాకు ఉపయోగం లేదు.

మా ఆయన ఆ బొమ్మని తిప్పి తిప్పి చూశాడు. తీగల మీద పైపూత లాంటిదేమన్నా ఉంటుందా సార్ అని అడిగాడు, డాక్టరు ఉంటుందయ్యా, ఆ తెలుపంతా ఆ పూతదే అన్నాడు, అయితే నా తలకాయ వైండింగు విప్పాలన్నమాట అన్నాడు ఆయన. డాక్టరు నవ్వాడు, నేనూ నవ్వాను. కొండమ్మక్క నవ్వలేదు. ఆయన మణికట్టు మీది కాలిన మచ్చకేసి చూస్తూ కూర్చుంది. మొన్న మాఘమాసంలో వార్నీషు వేడిచేసే పొయ్యి మీద పడ్డాడు, చెయ్యి కాలింది, మొహం అయ్యుండేది అన్నారు చూసినవాళ్ళు. మాత్రలు రెండు రకాలు మార్చారు, ఏదీ ఆపడం లేదు. ఈసారి మొదలెక్కడో తెలిసి సరైన మాత్ర పడకపోతే ఆ పొయ్యి దగ్గర మళ్ళీ కూర్చోనివ్వను అని మా అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. వైండింగు మానేస్తే ఆ మనిషి ఏం చేస్తాడు, ఊరికే కూర్చుని చచ్చిపోతాడు. ఇంత పెద్ద సంగతిలో నాకు గుర్తుండాల్సింది ఆ మాత్ర. నాకు గుర్తున్నది మాత్రం ఏమిటి, డాక్టరు చివర చెబితే ఉపయోగం లేదమ్మా అన్నప్పుడు నా వైపు చూశాడని. నా దగ్గర ఉన్నదంతా చివరే కదా.

నేను అడక్కపోలేదు. ఒకసారి ఆవిడకి తలంటి పోస్తూ అడిగాను, ఎట్టా మొదలవుద్దక్కా అని. నీకెందుకమ్మాయ్, దడుచుకుంటావ్ అంది. నేను దడుచుకుంటానా? చేలో తాచుపాముని కొడవలితో అదిలించినదాన్ని. ఇంకోసారి, పెళ్ళికి ముందు తాళాలు ఎవరు తెచ్చేవాళ్ళక్కా, అప్పుడు కట్టుకున్నది లేదుగా అన్నాను. ఎవరో ఒకరు తెచ్చేవోళ్ళులే అంది. చూశారా, అప్పుడు ఎవరు తెచ్చినా పట్టు వదిలేది. నేను వచ్చాకే పట్టుకి ఇన్ని నియమాలు వచ్చాయి. గుత్తిని మొలకి కట్టుకుని తిరిగాను కొన్నాళ్ళు, పరుగు తప్పుతుందని. కొండమ్మక్క చూసి, మేకు మీది నుంచి రావాల్సిందే, అట్టా కట్టుకుంటే మైలపడుద్ది అని తీయించి మళ్ళీ మేకుకి తగిలించింది. ఒకరోజు మొండికేశాను. తాళాలు తేవే అంది, నేను కదల్లేదు, గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఇంకా కూర్చునే ఉన్నాడు, వీపు నా వైపు, తల ఒక పక్కకి తిరుగుతోంది. అంతే చూశాను. కొండమ్మక్క లేచి వచ్చి రెండు చేతులతో నన్ను లోపలికి తోసింది, పోవే తల్లీ, పో అంది. కోపం వచ్చి ఉంటే తిరగబడేదాన్ని. ఆ కళ్ళల్లో కోపం లేదు, బతిమాలుతున్నట్టు ఉంది. నేను పరిగెత్తాను. ఎందుకు బతిమాలింది అని మాత్రం ఆ తరవాత పత్తి తీసినన్ని రోజులూ ఆలోచించాను.

అసలు గొడవేమిటంటే ఆవిడని తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకదు. మా పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మిగతావాళ్ళు గుటకలు మింగుతుంటే, మా పిల్లాడికి మూర్ఛ ఉంది, తెలిసి చేసుకుంటే చేసుకోండి, తరవాత నన్ను తిట్టొద్దు అని మా నాన్న మొహానే చెప్పింది. ఆ నిజం మాటకే మా నాన్న ఒప్పుకున్నాడు. ఆవిడ మొగుడు క్రీస్తుదాసు బావగారు పత్తికి మందు కొట్టి, ఆ చేత్తోనే బీడీ ముట్టించి, చేలోనే వాంతులు చేసుకుని పోయాడట. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు కూడా లేవు, పిల్లల్లేరు. పుట్టింటికి పోయి మళ్ళీ చేసుకోమన్నారట. పోలేదు. తల్లి లేని మరిదిని పట్టుకుని ఉండిపోయింది, బడికి పంపింది, గుంటూరులో వైండింగు నేర్పించింది. నాకు ఎప్పుడూ పెద్దముక్కే వేస్తుంది చేపల పులుసులో. ఒక్క మాట అనదు. ఒక్క మాట అంటే ఎంత బాగుండును, నేను నాలుగు అని తేలిగ్గా ఉండేదాన్ని. మంచిదాని మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది, బయటికి కక్కడానికి లేదు, అలా లోపలే ఉడుకుతుంది.

లోపల ఏం చెబుతోంది ఇంతసేపు. తలుపు సందులోంచి డాక్టరు గొంతు ఒక ముక్క వినిపించి ఆగిపోయింది, ఆవిడ గొంతు అసలు వినపడదు. మా పిల్లాడు అంటుంటుంది. మా పిల్లాడికి చిన్నప్పుడు మొదటిసారి వచ్చినప్పుడు సార్, అని మొదలుపెట్టి ఉంటుంది. నేను పుట్టని లోకంలోంచి మొదలుపెడుతుంది. నాకు తెలిసిన ఇమ్మానియేలు నాలుగేళ్ళవాడు, ఆవిడకి తెలిసినవాడు పాతికేళ్ళవాడు. మెడ వెనక మచ్చ ఎలా వచ్చిందో నేను ఆవిణ్ణే అడిగాను. చలికాలం నువ్వుల నూనె రాస్తేగానీ ఆయనకి నిద్ర పట్టదని ఆవిడే చెప్పింది. నా మొగుణ్ణి నేను ఆవిడ దగ్గర ముక్కలు ముక్కలుగా అప్పు తెచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ మధ్య ఒక దరిద్రపు ఆలోచన కూడా వచ్చింది, ఆవిడకి ఆయన మరిదేనా, ఇంకేమన్నానా అని. ఛీ. వచ్చినందుకు ప్రార్థన చేసుకున్నాను, మోకాళ్ళ మీద ఉండగానే మళ్ళీ వచ్చింది. పులుసులో ముక్క దగ్గర మొదలవుతుంది నాకు. ఒక చిన్న మూల. అక్కణ్ణించి నూనె గిన్నెకి పాకుతుంది, వసారాలోకి పాకుతుంది, ఆవిడ ఒళ్ళోని తలకి, వదినా పడ్డానా దగ్గరికి, ఇక తల మొత్తం అంటుకుంటుంది, చేతిలో పనేమిటో మర్చిపోతాను, కూర మాడుతుంది. డాక్టరు ఆ తెల్లపోగుల సంగతి చెబుతుంటే ఆయన జబ్బు గురించి విన్నట్టే లేదు. నా చేతిలో ఎవరు పెడతారు తాళాలు?

మిషను చప్పుడు ఆగింది. బల్ల మీది నుంచి సగం లేచాను, లోపల వచ్చిందేమో, ఆ మొదలు ఇప్పుడు ఏ నర్సో చూసిందేమో అని. ఊళ్ళో ఆవిడ, ఇక్కడ నర్సు, నేను తప్ప లోకమంతా చూస్తుంది. మళ్ళీ మొదలైంది బరబరా. కంట్లోకి లైటు కొట్టి చూస్తారట. ఆయనకి భయంగా ఉందేమో. భయమేస్తే ఎవర్ని తలుచుకుంటాడు? ఎవర్ని, వదిననే. పందెం కాస్తాను.

ఆయా వచ్చింది, అమీర్‌బీ అని పిలుస్తున్నారందరూ. తలుపు సగం తీసి, "రెబ్కా ఎవరు? డాక్టరుగారు రమ్మంటున్నారు" అంది.

గుత్తి పట్టుకునే వెళ్ళాను. కొండమ్మక్క కుర్చీలో ఒదిగి కూర్చుని ఉంది, ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి. తల ఎత్తలేదు. డాక్టరు బల్ల మీద ఆ మెదడు బొమ్మ రెండు చెక్కలుగా విప్పి ఉంది. "నువ్వేనా అమ్మా రెబ్కా?" అన్నాడు. అవునండీ అన్నాను. "మీ ఆయన పడిపోయే ముందు ఏమంటాడో నీకు తెలుసా?" తెలియదండీ. "ఎప్పుడూ వినలేదా? ఒక్కసారైనా?" లేదండీ, నేను తాళాలకి వెళతానండీ. "ఏ తాళాలు?" గుత్తి పైకెత్తి చూపించాను. ఆయన గుత్తిని చూశాడు, కొండమ్మక్కని చూశాడు. "చెప్పమ్మా, ఇందాక నాతో అన్నది ఈ అమ్మాయి ముందు కూడా చెప్పు" అన్నాడు.

"మా అత్త చెప్పిందండి తాళాల సంగతి, నేను పుట్టించలేదండి" అంది కొండమ్మక్క. తరవాత అరచేతులు చూసుకుంటూ, తొడిమలు తీసి తీసి ఎర్రబారిన ఆ చేతులకే చెబుతున్నట్టు చెప్పింది. "పిల్లప్పటి నుంచీ వచ్చే ముందు నన్ను పిలిచేవోడండి. ఎడం చెయ్యి బొటనేలు మిగతా వేళ్ళకేసి రుద్దుకుంటా, వదినా అనేవోడు. నేను పోయి పట్టుకునేదాన్ని. ఈ అమ్మాయొచ్చిన కొత్తల్లోనే, కాయలు ఎండబోసే రోజులు, నేను ఎదురుగానే ఉన్నానండి, అడుగు దూరంలో. నా మొహంకేసే చూస్తా, రెబ్కా అన్నాడు. ఇక అప్పట్నుంచీ అదేనండి. ఒక్కసారి కూడా వదినా అన్లేదు."

డాక్టరు ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. పేరు స్పష్టంగా పలుకుతున్నాడంటే ఎడమ సగం అప్పటికి బాగానే ఉంది, చాలామందిలాగే మాట ఆ పక్కే ఉండి ఉంటుంది, చెయ్యి కూడా ఎడమదే కాబట్టి మొదలు కుడివైపు ఎక్కడో. వంతెన దాటి ఈ పక్కకి వచ్చేలోపు ఆ ఒక్క మాట అంటున్నాడు. గీతలు కూడా కుడివైపే చూపిస్తున్నాయి, మంచిది, మాత్ర మారుస్తాను, బహుశా ఆగుతుంది. ఇక ఇనుమూ గినుమూ వద్దు, చేతిలో ఏదీ పెట్టకండి, నోట్లో ఏదీ పెట్టకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి చాలు. నువ్వు ఎక్కడికీ పరిగెత్తకు, దగ్గరే ఉండు. ఊఁ ఊఁ అన్నాను అన్నింటికీ. మాత్ర పేరు రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ వినలేదు. దాటే లోపు ఒకే మాట. ఆ మాట నేను. తెలివి తప్పే ముందు ఆఖరి మాట నాది, తెలివి వచ్చాక మొదటి మాట ఆవిడది. నేను ఆవిడ మాటే వింటూ వచ్చాను ఇన్నాళ్ళూ, నాది ఆవిడ దాచుకుంది.

సంతోషం రావాలి కదా. ముందు వచ్చింది కోపం. గుత్తి విసిరి కొడదామనిపించింది ఆవిడ మొహాన. ఆయన జిగురు అంటిన జుట్టుతో బయటికొచ్చి, ఏవన్నారు, ఏవన్నారు అని ఇద్దర్నీ అడిగాడు. మాత్ర మారుస్తారంట అంది కొండమ్మక్క. బస్టాండుకి రిక్షాలో ఆయన మధ్యలో కూర్చున్నాడు, అటు ఆవిడ, ఇటు నేను, ఎండ చుర్రుమంటోంది, పత్తి మూటల బండ్లు దారికి అడ్డంగా పోతున్నాయి, గాలికి దూది లేచి ఆయన జుట్టు జిగురుకి అంటుకుంటోంది. తీద్దామని చెయ్యెత్తాను. ఎప్పుడూ నాకంటే ముందే లేచే ఆవిడ చెయ్యి ఇవాళ లేవలేదు. ఒక్కో పోగూ తీశాను. ఇన్నాళ్ళు పిలిచాడు. పండగ ముందు రోజు పడ్డాడు, అప్పుడు పిలిచాడు. పొయ్యి మీద పడ్డప్పుడు పిలిచాడు. నేను వంటింట్లో పీట ఎక్కి మేకు తడుముకుంటుంటే వసారాలో నా పేరు పెట్టి పిలుస్తున్నాడు.

బస్టాండులో ఆయన సోడాలు తెస్తానని బండి దగ్గరికి వెళ్ళాడు. కనిపిస్తూనే ఉన్నాడు, సోడా కొట్టేవాడితో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు, తల మీద వైర్ల సంగతే చెబుతుంటాడు. బల్ల మీద మేమిద్దరం. ఆవిడ ముందు ఏదో అంటుందని చూశాను. అనలేదు. క్షమించమ్మాయ్ అంటే క్షమించనని చెబుదామని మాట సిద్ధంగా పెట్టుకున్నాను, అదీ వృథా అయింది. ఎందుకు దాచావని అడగక్కర్లేదు, నాకు తెలుసు, నాకు కాక ఎవరికి తెలుస్తుంది. ఆ కాయలు ఎండబోసే రోజు, అడుగు దూరంలో ఉన్న మనిషిని దాటి ఆయన ఇంట్లో ఎక్కడో ఉన్న నన్ను పిలిచినప్పుడు ఆవిడ కడుపులో లేచిన మంట నాకు అచ్చంగా తెలుసు. ఆవిడలో మొదలై నాలోకి దాటిందో, నాలో మొదలై ఆవిడలోకి దాటిందో.

అయినా జాలి కలగలేదు. ఇంకా కుళ్ళుగానే ఉంది, ముందుకంటే ఎక్కువగా ఉంది. ఎందుకంటే ఆ పిలుపులన్నీ ఆవిడ దగ్గరే ఉన్నాయి. నా పేరుతో పిలిచిన పిలుపు నేను ఒక్కటీ వినలేదు, ఆవిడ అన్నీ వింది. ఇప్పుడు మాత్ర మారుతుంది. మాత్ర పనిచేస్తే ఇక రాదు. రాకూడదు, ప్రభువా, రాకూడదు. రాకపోతే నేను ఎప్పటికీ వినను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వచ్చి అని, ఛీ, నేను ఏం కోరుకుంటున్నాను. పేరు పెట్టి పిలవవయ్యా అని ఆయన్ని అడగొచ్చు. పిలుస్తాడు, సిగ్గుపడి నవ్వుతూ పిలుస్తాడు. అది ఇది కాదు. ఆ పోగుల మీద అది పాకి వస్తుంటే, దాటే లోపు మిగిలిన ఆ కాస్త చోటులో పిలిచిన పిలుపు ఆయనకే గుర్తు లేదు. లోకంలో ఒక్క మనిషి దగ్గర ఉంది.

"ఎట్టా అంటాడక్కా?" అన్నాను.

కొండమ్మక్క నా వైపు తిరిగింది. ఏంది అని అడగలేదు. "ఇప్పుడెందుకమ్మాయ్" అంది.

"ఎట్టా అంటాడో అట్టాగే అను."

సోడాబండి వైపు ఒకసారి చూసింది. పైట సర్దుకుంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బొటనవేలు మిగతా వేళ్ళకేసి రుద్దడం మొదలుపెట్టింది, మెల్లగా, తల ఒక పక్కకి వాలింది, కళ్ళు నా మీద నుంచి ఎటో జరిగాయి. అది ఆవిడ మొహం కాదు, ఆయన మొహమే. ఎన్నిసార్లు చూస్తే, ఎంత దగ్గర నుంచి చూస్తే అలా వస్తుంది. పెదాలు కదిలాయి.

"రెబ్కా."

గట్టిగా లేదు. కేక కాదు. ఇంట్లోకి అడుగుపెట్టిన మనిషి, లోపల ఉన్నావా అని చూసుకోవడానికి పిలిచినట్టుంది. భయం కూడా ఉంది, కానీ వెనకాల ఎక్కడో ఉంది. ముందున్నది నమ్మకం, పిలిస్తే వస్తుందని. నేను ప్రతిసారీ అటే పరిగెత్తాను, వంటింట్లోకి.

ఆవిడ మామూలు మొహంలోకి వచ్చి కళ్ళు తుడుచుకుంది. ఆయన మూడు సోడాలు రెండు చేతుల్లో ఇరికించుకుని వస్తున్నాడు, జుట్టుకి ఇంకా ఒక దూది పోగు ఉంది. ఇంకా నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. తాళాలగుత్తి బల్ల మీద మా ఇద్దరి మధ్య పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకోసారి అనక్కా" అన్నాను.